పిప్పరమెంటు కరిగేదాకా

మా పిన్నిని యూనివర్సిటీలో అందరూ జమ్ము మేడం అంటారు. ఆవిడ చెప్పేది వృక్షశాస్త్రం. నీళ్ళ పక్కన మొలిచే జమ్ము, తుంగ అంటే ఆవిడకి ప్రాణం. మనిషి పొట్టి, గొంతు పెద్దది, నడకేమో బస్సు కదిలిపోతోందన్నట్టు ఉంటుంది. ఎవరైనా "అబ్బే, అది అయ్యే పని కాదు మేడం" అన్నారంటే ఆ పూట ఇంట్లో కూర బాగా కుదురుతుంది. పంతం వస్తే ఆవిడ వంట కూడా పంతంగానే చేస్తుంది.

నా చదువు మధ్యలో ఆగిపోయాక నేను వాళ్ళింట్లోనే ఉంటున్నాను. ఊరికే కూర్చుంటే మనసు పాడవుతుందని పిన్ని నన్ను తనతో తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది. టైపు నేర్చుకున్నాను. రెండో అంతస్తు చివరి గదిలో గోడవార కుర్చీ నాది. అక్కడ పిన్నీ, ఆవిడతో కూర్చునేవాళ్ళూ చెప్పింది టైపు చేస్తాను, అది ప్రొజెక్టరులోంచి ఎదుటి గోడ మీద పెద్ద అక్షరాల్లో పడుతుంది. నాతో ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకూ అదే హాయి.

ఆ గది ఒకప్పుడు పాడైపోయిన మైక్రోస్కోపులు పడేసే గది. పిన్ని వాటిని బీరువాల్లోకి తోసి, రెండు బల్లలు తెచ్చి కలిపి వేసింది. రెండూ ఒక ఎత్తువి కావు. కలిసిన చోట చిన్న మెట్టులా ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళు సరిగ్గా అక్కడే టీ కప్పు పెడతారు, ఒలికాక తెలుస్తుంది.

అక్కడ జరిగేది ప్రపోజల్ రాయడం. పరిశోధనకి డబ్బు కావాలంటే గ్రాంటు రావాలి, గ్రాంటు రావాలంటే ప్రపోజల్ రాయాలి. ఏం చేస్తాం, ఎందుకు చేస్తాం, ఎలా చేస్తాం అన్నీ అందులో చెప్పాలి. మన మొహం కూడా తెలియని ఇద్దరు ముగ్గురు ఎక్కడో కూర్చుని అది చదివి, ఔననో కాదనో అంటారు. పిన్ని రాసినవన్నీ వరసగా వెనక్కి వచ్చాయి. ఒకసారి వచ్చిన జవాబులో, "మొక్కల మీద ప్రేమ కనిపించింది, చేయబోయే పని కనిపించలేదు" అని ఉంది. ఆ రోజు పిన్ని భోజనం దగ్గర మాట్లాడకుండా రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిని, చెయ్యి కడుక్కుంటూ, "చదివినవాడెవడో గానీ నిజమే రాశాడు" అంది.

తర్వాత చుట్టూ చూస్తే అందరి పనీ అలాగే ఉంది. పరీక్ష హాల్లో పక్కవాడికి కనపడకుండా చెయ్యి అడ్డం పెట్టుకున్నట్టు ఎవరి తలుపు వాళ్ళు వేసుకుని రాసుకుంటున్నారు. వెనక్కి వస్తే ఎవరి బాధ వాళ్ళు దిగమింగుకుంటున్నారు. "మనం రాసింది మనకి వినపడదు. ఒకళ్ళది ఒకళ్ళం చదువుకుందాం రండి" అని పిన్ని గది గదికీ తిరిగింది. చాలామంది "తప్పకుండా మేడం" అన్నారు. వచ్చింది ఇద్దరు.

ఒకాయన ఫిజిక్సు మాస్టారు. రిటైర్మెంటు దగ్గరపడింది, ఓపిక మాత్రం తగ్గలేదు. ఏది రాసినా ఆదిమానవుడి దగ్గర మొదలుపెడతారు. అందుకని పిల్లలు ఆయనకి ఉపోద్ఘాతం మాస్టారు అని పేరు పెట్టారు. ఆయనకి తెలుసు. "జీతం కూడా ఆ పేరు మీదే వేసేస్తారేమో, చూసుకోవాలి" అంటారు. రెండో ఆవిడ ఎకనామిక్సులో కొత్తగా చేరిన చిన్న మేడం. మాట గబగబా వస్తుంది, నిదానం తక్కువ, పెన్ను మూతలన్నీ కొరికి ఉంటాయి.

మొదటిరోజే గొడవ. మాస్టారు రాసింది చిన్న మేడం పైకి చదువుతుంటే, ఆయన వాక్యానికో అడ్డం. "అంటే అక్కడ నా ఉద్దేశం ఏంటంటే..." అని లేస్తారు. ఆయన ఉద్దేశం చెప్పడం అయ్యేసరికి సాయంత్రం అయ్యింది, చదవాల్సిన పేజీ అలాగే ఉంది.

బాబాయిది కళ్ళజోళ్ళ కొట్టు. ఆ సాయంత్రం పిన్నీ నేనూ కొట్టుకి వెళ్ళేసరికి, ఒక చిన్నపిల్లని ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి కొలత తీస్తున్నాడు. ఆ పిల్ల ఒక్కచోట ఉండదు, తల అటూ ఇటూ తిప్పుతుంది. బాబాయి సీసాలోంచి పిప్పరమెంటు తీసి దాని నోట్లో పెట్టాడు. అంతే, కళ్ళు పెద్దవి చేసుకుని బొమ్మలా కూర్చుంది. కొలత అయిపోయింది.

పిన్ని సీసా చంకన పెట్టుకుంది.

"ఏమేవ్, అది కొట్టు సీసా!"

"మీ కొట్టుకొచ్చే పిల్లల కన్నా మావాళ్ళు ఎక్కువ అల్లరి చేస్తున్నారండీ."

మర్నాటి నుంచి అదే పద్ధతి. ఎవరు రాసింది వాళ్ళు చదవకూడదు, వేరేవాళ్ళు పైకి చదవాలి. రాసినవాళ్ళు నోట్లో పిప్పరమెంటు పెట్టుకుని వినాలి. అది కరిగేదాకా మాట లేదు. కొరకడం అసలు లేదు. "అక్కడ చదివేవాళ్ళ పక్కన మనం పీట వేసుకుని కూర్చుని ఉద్దేశాలు చెప్పలేం కదా మాస్టారూ, ఇక్కడ మాత్రం ఎందుకు?" అంది పిన్ని. మాస్టారు బుగ్గ ఉబ్బించుకుని ఊఁ ఊఁ అంటూ చేతులతో చెప్పబోయారు. చేతులు కూడా కట్టుకోమంది. ఆయన ప్రపోజల్ కుళాయి నీళ్ళ మీద. నదుల ఒడ్డున నాగరికతలు ఎలా పుట్టాయో చదివి చదివి చిన్న మేడం కాగితం దించింది. "మీరు కుళాయి దగ్గరికి వచ్చేసరికి నాకు దాహం వేసింది సార్" అంది. మాస్టారు అంతా విని, పిప్పరమెంటు కరిగాక, "నాకూ వేసిందమ్మా" అన్నారు.

అలా ఎవరిది వాళ్ళకి వినపడటం మొదలైంది. ముగ్గురూ కలిసి ఒకే ప్రపోజల్ రాద్దామన్నారు. రాశారు, పంపారు. అదీ వెనక్కి వచ్చింది. "ఇందులో మూడు మంచి ప్రాజెక్టులు ఉన్నాయి. మేము అడిగింది ఒకటి" అని జవాబు.

ఏం జరిగిందో నేను గోడ మీద చూస్తూనే ఉన్నాను, వాళ్ళకి తట్టడానికే కొంత టైము పట్టింది. మాస్టారు పెద్దవారు, ఆయన వాక్యం తీసేస్తే ఏమనుకుంటారోనని చిన్న మేడం ముట్టుకోలేదు. కొత్తగా చేరిన పిల్ల, మనసు కష్టపెట్టుకుంటుందని మాస్టారు ఆమె భాగం ముట్టుకోలేదు. గది పిన్నిది, పిలిచింది పిన్ని, కాబట్టి ఆవిడ భాగాన్ని ఇద్దరూ దేవుడి పటంలా వదిలేశారు. మీరు ముందంటే మీరు ముందని గుమ్మం దగ్గరే నిలబడిపోయిన చుట్టాల్లా అయ్యింది ముగ్గురి పని.

"మర్యాద ఎక్కువై మునిగాం" అంది పిన్ని. ఆ పూటే పెన్సిళ్ళు తెచ్చి పంచింది. చదివేవాళ్ళు ఎక్కడ ఆగాల్సి వస్తే అక్కడ గీత పెట్టాలి. ఎందుకు ఆగారో తర్వాత చెప్పాలి. "బాగుంది" అనే మాట గదిలో వినపడకూడదు. అన్నారంటే ఏ వాక్యం బాగుందో చూపించమనేది, వాళ్ళకి వాక్యం దొరికేది కాదు.

ఇంతలో రిజిస్ట్రార్ పిన్నిని పిలిపించారు. మా బ్లాకు వెనక అద్దాల షెడ్డు ఒకటి ఉంది. పిన్ని ఉద్యోగంలో చేరిన కొత్తలో తిరిగి తిరిగి కట్టించుకున్నది. లోపల సిమెంటు తొట్లలో జమ్ము, తుంగ పెంచుతుంది. బాగుచేయించడానికి డబ్బు లేక పైన సగం అద్దాలు పగిలిపోయాయి, వాన నేరుగా లోపలే పడుతుంది. అయినా పిన్నికి ఏ మాత్రం ఖాళీ దొరికినా అక్కడే ఉంటుంది.

"ఈసారి గ్రాంటుల్లో ఏ ప్రాజెక్టైనా ఆ షెడ్డుని వాడుకుంటానంటే ఉంచుతాం మేడం" అన్నారాయన. "లేకపోతే పడగొట్టి బండ్లు పెట్టుకోవడానికి చదును చేయిస్తాం. చూస్తున్నారుగా, బండ్లన్నీ రోడ్డు మీదే ఉంటున్నాయి."

"అలాగే సార్" అంది పిన్ని. మెట్లు దిగుతూ నాతో, "చదునట, చదును! చూద్దాం" అంది. ఆ రాత్రి వంకాయ కూర చాలా బాగా కుదిరింది.

మళ్ళీ రాయడం మొదలుపెట్టారు. ఈసారి విషయం కుళాయి నీళ్ళు. మాస్టారు అరచేతిలో పట్టే పెట్టె ఒకటి తయారుచేశారు. అందులో గాజు గొట్టం ఉంటుంది, ఇటు నుంచి వెలుతురు పంపితే అటు ఎంత చేరిందో చూసి నీళ్ళు ఎంత మడ్డిగా ఉన్నాయో చెబుతుంది. మడ్డిగా ఉన్నాయని పెట్టె చెప్పాక ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారు, కాచుకుంటారా, కొనుక్కుంటారా, చూసీ చూడనట్టు తాగేస్తారా అన్నది చిన్న మేడం భాగం. ఈసారి ఇద్దరూ మొహమాటం లేకుండా ఒకళ్ళవి ఒకళ్ళు తీసేశారు. నదీ నాగరికత మొత్తం పోయింది. చిన్న మేడం పెట్టిన పట్టికల్లో మూడొంతులు పోయాయి. రెండు భాగాలూ ఒకే చేతి రాతలా కలిసిపోయాయి.

చివర పేజీ పిన్నిది. షెడ్డు బాగుచేయించి, జమ్ములో రకాలు పెంచి, వాటితో నీటిని శుభ్రపరిచే అవకాశాలు పరిశీలిస్తామని. ఆ పేజీని ఇంట్లో కూడా దిద్దుతూనే ఉండేది. కంచం పక్కన, మంచం మీద, ఎక్కడంటే అక్కడ. బాబాయి చూసి చూసి, "ఆ కాగితాన్ని ఇంకా తుడిస్తే చిల్లు పడుతుంది" అన్నాడు.

మొత్తం ఒకసారి చదివే రోజు వచ్చింది. మధ్యాహ్నం, గదిలో ఫ్యాను తిరుగుతున్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. చిన్న మేడం చదువుతోంది. మిగతా ఇద్దరి నోళ్ళలో పిప్పరమెంట్లు. చిన్న మేడం చదువు ఎప్పుడూ పరుగే. పెట్టె సంగతి, ఇళ్ళ సంగతి గడగడా చదివేసింది. చివర పేజీ రాగానే నెమ్మదించింది. ఆగింది. పెన్సిలు కాగితం మీద ఆనించి, మళ్ళీ పై పేరా నుంచి చదువుకుంటూ వచ్చింది, అదే చోట మళ్ళీ ఆగింది. గొంతు తగ్గించి మిగతాది పూర్తిచేసింది. తల ఎత్తలేదు. మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు.

టక్ మని చప్పుడైంది. పిన్ని పిప్పరమెంటు కొరికేసింది.

"ఎక్కడ ఆగావమ్మా?"

"ఎక్కడా లేదు మేడం. గొంతు ఆరిపోయి..."

"గొంతు ఆరితే నీళ్ళు తాగుతారు. పెన్సిలు పెట్టరు. చెప్పు."

చిన్న మేడం పెన్సిలు చివర కొరికింది. "కుళాయి నీళ్ళ గురించి చదువుకుంటూ వచ్చాను. ఉన్నట్టుండి జమ్ము వచ్చింది. మాస్టారి పెట్టె కుళాయి దగ్గర ఉంటుంది. జమ్ము ఎక్కడ ఉంటుంది మేడం? ఎవరి నీళ్ళు శుభ్రం చేస్తుంది? నాకు తెలియలేదు. మీ మీద గౌరవం కొద్దీ ఇంకోసారి వెతికాను. అవతలివాళ్ళు వెతకరు."

మాస్టారు బుగ్గలో ఉన్నదాన్ని గబుక్కున మింగేశారు. "ఒక్క పేజీ, అది కూడా చివర్లో. ఉంటే ఎవరికి అడ్డం? షెడ్డు సంగతి నీకు తెలీదా ఏమిటి?"

"తెలుసు సార్. తెలిసే గొంతు ఆరిపోయిందన్నాను."

"ఆ పేజీ నాది కాకపోతే ఉంచేవారా మాస్టారూ?" అంది పిన్ని.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు, తీశారు. "అది వేరు."

"మీ నదులు కొట్టేసినప్పుడు వేరు కాదు కదా?"

"నేనేమన్నా అన్నానా అప్పుడు?"

"వారం రోజులు నాతో మాట్లాడలేదు."

"తర్వాత మాట్లాడానుగా!"

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను, పిన్ని మొహం అలా లేదు. గోడ మీదున్న పేజీ వైపు చూస్తోంది. ఒక్కసారి మొత్తం చదువుకున్నట్టుంది. "అమ్మడూ, తీసెయ్" అంది.

నా వేలు కదల్లేదు.

"తీసెయ్యమన్నానా?"

తీసేశాను. గోడ మీద ఆ జాగా అంతా తెల్లగా అయ్యింది. "ఇప్పుడు మొదట్నుంచి చదువు" అంది చిన్న మేడంతో. ఈసారి చదువు ఎక్కడా ఆగలేదు. ఎవరూ బాగుందనలేదు. చదవడం అయ్యాక మాస్టారు కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కణ్ణుంచి కనపడే షెడ్డు వైపు చూస్తూ నిలబడిపోయారు.

ఇంటికి బయలుదేరేటప్పుడు పిన్ని ముందు షెడ్డుకి వెళ్ళింది. నేను గుమ్మం దగ్గర ఆగాను. లోపల నిలబడి తొట్లనీ, ఆకులనీ ఒక్కొక్కటే చేత్తో తాకుతోంది.

"పిన్నీ, ఏడుస్తున్నావా?"

"ఏడుపెందుకే. వీటిల్లో ఎత్తగలిగేవి ఏవో చూస్తున్నా." ఒక తొట్టి అంచు పట్టుకుని కదిపి చూసి మళ్ళీ అంది, "ఆ పిల్ల అడిగింది చూడు, జమ్ము ఎక్కడుంటుంది, ఎవరి నీళ్ళు శుభ్రం చేస్తుందని. నా దగ్గర జవాబు లేదే. ఇన్నేళ్ళూ అద్దాల కింద పెట్టుకుని ముద్దు చేశాను తప్ప, ఒక్కరోజైనా మురికి నీళ్ళలో పెట్టి చూశానా? పని కనిపించలేదని అప్పుడే రాశాడు ఒకడు. నిజమేనని నోటితో అన్నాను, ఏం చేశాను?"

ప్రపోజల్ వెళ్ళిన మర్నాడే పిన్ని ఆడపిల్లల హాస్టల్ వెనక్కి వెళ్ళింది. బట్టలుతికిన నీళ్ళన్నీ అక్కడ కాలవలోకి పోతాయి. ఆ నీళ్ళు ముందు తొట్లలోంచి పారి, తర్వాత కాలవలో పడేలా గట్టు మీద తొట్లు పెట్టుకుంటానని వార్డెన్‌ని అడిగింది.

"దోమలొస్తాయి మేడం" అందావిడ.

"వస్తే నన్ను పిలవండి. వచ్చి నేను కుట్టించుకుంటాను."

తొట్లు మోయడానికి ఆదివారం పూట బాబాయి వచ్చాడు. ఉపోద్ఘాతం మాస్టారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి వచ్చారు. చిన్న మేడం, నేను మొక్కల మొదళ్ళు పట్టుకున్నాం.

"సార్, మీరు ఉపోద్ఘాతం చెబుతూ ఉండండి, మేం మోస్తాం" అన్నాడు బాబాయి.

"ఆదిమానవుడు మొట్టమొదట బరువు ఎత్తినప్పుడు..."

"అయిపోయింది సార్, తొట్టి దిగిపోయింది!"

మాస్టారు ప్యాంటంతా బురద. ఆయన అది చూసుకోలేదు. జేబులోంచి పెట్టె తీసి, కాలవ నీళ్ళు గొట్టంలో నింపి, పిన్ని చేతికిచ్చారు. "తొట్లలోకి పోయే ముందు ఒకసారి చూడండి, బయటికొచ్చాక ఒకసారి చూడండి. నా పెట్టెకి కుళాయి అయితేనేం, కాలవ అయితేనేం."

అప్పటి నుంచి పిన్ని పొద్దున్నే హాస్టల్ వెనక ఉండేది. మొదట్లో నీళ్ళు ఎలా వెళ్ళినవి అలాగే వచ్చేవి. రెండు తొట్లలో జమ్ము సబ్బు నీళ్ళకి తట్టుకోలేక చచ్చిపోయింది. పిన్ని ఇంటికొచ్చి విసుక్కునేది, చెప్పులు గట్టిగా విడిచేది, మర్నాడు మళ్ళీ వెళ్ళేది. తొట్లకి అడుగున గులకరాళ్ళు వేసింది, వరస మార్చింది, తుంగని ముందుకి పెట్టి జమ్ముని వెనక్కి జరిపింది. హాస్టల్ ఆడపిల్లలు బట్టలారేస్తూ, "మేడం, ఈ రోజు మా నీళ్ళు పాసయ్యాయా?" అని పైనుంచి అరిచేవాళ్ళు. "ఇంకా లేదు, మీరు సబ్బు తగ్గించండి" అని ఆవిడా అరిచేది. ఒకరోజు పెట్టె వైపు చూసి, మళ్ళీ గొట్టం కడిగి నింపి చూసి, నన్ను కూడా చూడమంది. రెండు నీళ్ళకీ తేడా కనపడింది. గొప్ప తేడా ఏం కాదు. కానీ ఉంది.

కుళాయి నీళ్ళ ప్రాజెక్టుకి గ్రాంటు వచ్చింది. చిన్న మేడం వరండాలో అరిచిన అరుపుకి పక్క క్లాసు పిల్లలు బయటికొచ్చారు. రిజిస్ట్రార్ ముగ్గురినీ పిలిచి మెచ్చుకున్నారు. చివర్లో పిన్ని వైపు చూసి, "మేడం, ఆ షెడ్డు..." అని ఆగిపోయారు.

"తెలుసు సార్. గాజుముక్కలు జాగ్రత్త. పనివాళ్ళ కాళ్ళకి చెప్పులున్నాయో లేదో చూసి పంపండి" అంది.

పడగొట్టడానికి మనుషులు వచ్చేసరికి లోపల ఒక్క మొక్క లేదు. ఆ రోజంతా పిన్ని క్లాసులు చెబుతూనే ఉంది. అద్దం పగిలిన చప్పుడు వినపడినప్పుడల్లా గొంతు ఇంకాస్త పెంచింది. సాయంత్రం బాబాయి వచ్చి, పగలకుండా మిగిలిన అద్దం ఒకటి అడిగి తీసుకెళ్ళాడు. కొట్లో దాని అంచులు అరగదీసి, మా గదిలో రెండు బల్లలూ కలిసిన చోట మెట్టు కప్పేలా కొలతకి అమర్చాడు. ఇప్పుడు అక్కడ కప్పు పెడితే నిలుస్తుంది. పిన్ని దాని మీద చెయ్యి వేసి, "ఇంత నున్నగా ఎందుకు చేశారు?" అని మాత్రం అంది.

మొన్న మళ్ళీ చదివే రోజు. ఈసారి ప్రపోజల్ పిన్నిది. ఆవిడే సీసా మూత తీసి, పిప్పరమెంటు నోట్లో వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. చిన్న మేడం చేతిలో పెన్సిలు. చదివేది ఉపోద్ఘాతం మాస్టారు.

"ఆడపిల్లల హాస్టల్లో బట్టలుతికిన నీళ్ళు రోజూ వెనక కాలవలోకి పోతున్నాయి" అని మొదలుపెట్టి, తల ఎత్తి, "మేడం గారూ, నేరుగా నీళ్ళలోకి దిగిపోయారే! అంతకుముందు ఏమీ లేదా?" అన్నారు. ఆయన మళ్ళీ చదవడం అందుకున్నారు. తొట్లు, గులకరాళ్ళు, చచ్చిపోయిన జమ్ము, పెట్టె చూపించిన తేడా. మొదటి పేజీ అయ్యింది. రెండో పేజీ సగంలో ఆయన ఆగారు. మళ్ళీ పైకి వెళ్ళి చదివారు. చిన్న మేడం చేతిలోంచి పెన్సిలు తీసుకుని అక్కడ గీత పెట్టి, కళ్ళజోడు పైనుంచి పిన్ని వైపు చూశారు.

పిన్ని బుగ్గ ఉబ్బి ఉంది. కొరకలేదు.